చట్టం వచ్చాక మొదటి స్త్రీకి గర్భవిచ్ఛిత్తి సేవ అందే వరకు: ఐర్లాండ్ అనుభవంపై చర్చ

వైద్యసుధ (ప్రజారోగ్య అధ్యాపకురాలు, హైదరాబాద్):

ఒక వైద్య సేవకు చట్టం అనుమతి ఇచ్చిందంటే అది జనానికి దొరుకుతున్నట్టేనని మా విద్యార్థులలో చాలామంది అనుకుంటారు. ఆ రెండింటి మధ్య ఎంత పని ఉంటుందో చూపడానికి నేను ఐర్లాండ్‌ను ఉదాహరణగా చెబుతుంటాను. అక్కడ 1983లో చేసిన ఎనిమిదవ రాజ్యాంగ సవరణ తల్లి ప్రాణానికి, గర్భస్థ శిశువు ప్రాణానికి సమాన హక్కు ఇచ్చింది. దానితో తల్లి ప్రాణానికి ముప్పు ఉన్న సందర్భంలో తప్ప గర్భవిచ్ఛిత్తికి తావు లేకుండా పోయింది. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం మంది ఆ సవరణ రద్దుకు ఓటు వేశారు. 2019 జనవరి 1 నుంచి సేవలు మొదలుపెడతామని నాటి ఆరోగ్య మంత్రి సైమన్ హారిస్ గడువు పెట్టుకున్నారు. దేశాధ్యక్షుడు చట్టంపై సంతకం చేసింది మాత్రం 2018 డిసెంబర్ 20న. అంటే చట్టం చేతికి రాకముందే, దాదాపు ఏడు నెలలలో, ఈ సేవను రోజువారీ పనిగా ఎన్నడూ చేయని ఒక ఆరోగ్య వ్యవస్థ దానికి సిద్ధం కావలసి వచ్చింది.

ఆ ఏడు నెలలలో ఏ పని ముందు చేశారు, ఏది వెనక్కి నెట్టారు, ఏది అసలు చేయలేకపోయారు అన్నది ఈ చర్చలో మాట్లాడుకుందాం. గర్భవిచ్ఛిత్తి మంచిదా చెడ్డదా అన్న వాదనకు వేరే చోటు ఉంది. దయచేసి దానిని ఇక్కడికి తీసుకురావద్దు.

షానన్ తీరం (కుటుంబ వైద్యుడు, పశ్చిమ ఐర్లాండ్):

సుధ గారూ, అన్నిటికంటే ముందు తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న, ఈ సేవ ఎక్కడ అందించాలన్నది. ఆసుపత్రిలోనా, మా వంటి కుటుంబ వైద్యుల క్లినిక్కులలోనా? ఇక్కడి ప్రసూతి ఆసుపత్రులు అప్పటికే రోగులతో కిక్కిరిసి ఉన్నాయి. మరోవైపు, తొలి వారాలలో మైఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్ మాత్రలతోనే పని పూర్తవుతుంది. పైగా ఎందరో స్త్రీలు అప్పటికే ఇంటర్నెట్ ద్వారా విదేశాల నుంచి ఆ మాత్రలు తెప్పించుకుని, చట్టానికి భయపడి ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే వేసుకుంటున్నారు. అందువల్ల తొమ్మిది వారాల ఆరు రోజుల వరకు కుటుంబ వైద్యుడు చూడాలని, అది దాటి పన్నెండు వారాల లోపు ఉన్నవారిని, ఇతర వ్యాధులు ఉన్నవారిని ఆసుపత్రికి పంపాలని నిర్ణయించారు. నా దృష్టిలో ఈ ఒక్క నిర్ణయమే మొత్తం ఏర్పాటును నిలబెట్టింది. ఆసుపత్రుల మీదే ఆధారపడి ఉంటే జనవరి 1 నాటికి సేవ మొదలయ్యేది కాదని నా నమ్మకం.

రెండవది డబ్బు. ఇక్కడ కుటుంబ వైద్యులు ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఒప్పందం మీద పనిచేసే స్వతంత్రులు. కాబట్టి ఈ సేవకు విడిగా ఒప్పందం రాశారు. ఇష్టమైన వారు చేరవచ్చు, లేనివారు మానుకోవచ్చు. ఒక స్త్రీకి సంబంధించిన సంప్రదింపులన్నిటికీ కలిపి వైద్యుడికి ప్రభుత్వం 450 యూరోలు చెల్లిస్తుంది. దేశంలో నివసించే స్త్రీ ఏమీ చెల్లించనక్కరలేదు. ఆ మొత్తం ఎక్కువని కొందరు, చాలదని కొందరు వాదించారు. డిసెంబర్ మొదటి వారాంతంలో కుటుంబ వైద్యుల వృత్తి సంస్థ పిలిచిన అత్యవసర సమావేశం నుంచి కొందరు సభ్యులు లేచి వెళ్లిపోయారు. తమను సంప్రదించకుండా ఇదంతా నెత్తిన పెట్టారన్నది వారి కోపం. ఆ కోపంలో కొంత న్యాయం ఉందనే అంటాను.

మూడవది టెలిఫోన్. ఏ వైద్యుడు ఈ సేవ ఇస్తాడో తెలిపే బహిరంగ జాబితా పెడితే క్లినిక్ ముందు నిరసనలు జరుగుతాయని చాలామంది భయపడ్డారు. అందుకని 'మై ఆప్షన్స్' అనే ఉచిత సహాయ కేంద్రాన్ని జనవరి 1 నాడే తెరిచారు. ఫోన్ చేసిన స్త్రీకి సలహాదారు దగ్గరలోని వైద్యుల వివరాలు చెబుతారు. మాత్రలు వేసుకున్న తరువాత రక్తస్రావం గురించి భయం కలిగితే ఏ వేళలోనైనా నర్సుతో మాట్లాడవచ్చు. తమ పేరు బయటపడదన్న భరోసా దొరికాక ఒప్పందంలో చేరిన వైద్యులు నాకు తెలుసు.

మన్యం వైద్యుడు (మెడికల్ ఆఫీసర్, అల్లూరి సీతారామరాజు జిల్లా):

చదువుతుంటే అసూయగా ఉందని దాపరికం లేకుండా చెబుతున్నాను. మన దేశంలో గర్భవిచ్ఛిత్తిని కొన్ని షరతులతో అనుమతించే ఎంటీపీ చట్టం 1971లో వచ్చి 1972 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక దానికి మూలం. అప్పటికి ఐరోపాలోనే చాలా దేశాలలో ఇటువంటి చట్టం లేదు. ప్రభుత్వ ఆసుపత్రికి ఈ సేవ ఇవ్వడానికి విడిగా అనుమతి కూడా అవసరం లేదు కనుక కాగితం మీద నా పీహెచ్‌సీలో ఈ సేవ ఎప్పుడో ఉండి ఉండాలి. కానీ మా వైపు చాలా పీహెచ్‌సీలలో ఈ సేవ లేదు, ఏరియా ఆసుపత్రికో ఊరిలోని ప్రైవేటు నర్సింగ్ హోముకో పంపుతారు.

కారణం ఎవరి దుర్మార్గమూ కాదు. ఎంబీబీఎస్ చేసిన వైద్యుడు పన్నెండు వారాల వరకు గర్భవిచ్ఛిత్తి చేయాలంటే గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో 25 కేసులలో సహాయపడి, వాటిలో కనీసం అయిదు స్వయంగా చేసి ఉండాలి. మాత్రల పద్ధతికి మాత్రమే అయితే 2021 నిబంధనలు పది కేసుల అనుభవం చాలన్నాయి. ఒక్క వైద్యుడే ఉన్న పీహెచ్‌సీ నుంచి ఆ ఒక్కడిని పన్నెండు రోజుల శిక్షణకు పంపితే ఓపీ ఎవరు చూస్తారు? పంపినా, తిరిగి వచ్చాక గర్భాన్ని పీల్చి తీయడానికి చేతితో వాడే వాక్యూమ్ ఆస్పిరేషన్ పరికరం సరఫరా కాకపోవచ్చు. అది వచ్చేలోపు ఆ వైద్యుడు పీజీ సీటు వచ్చి వెళ్లిపోవచ్చు. శిక్షణ ఒక పథకం కింద, పరికరం ఇంకో పథకం కింద, నియామకం వేరే విభాగం కింద ఉన్నంత కాలం ఈ మూడూ ఒకే పీహెచ్‌సీలో ఒకే సమయంలో కలవడం అదృష్టమే. ఐర్లాండ్‌లో ఒకే గడువు పెట్టుకుని అన్నింటినీ దానికి కట్టేశారు. మనకు లేనిది ఆ గడువే.

న్యాయబోధి (న్యాయశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం):

ఐర్లాండ్ ఏడు నెలలలో చేసిందని మెచ్చుకునేటప్పుడు అంతకు ముందు వృథా అయిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తల్లి ప్రాణానికి నిజమైన, గణనీయమైన ముప్పు ఉంటే గర్భవిచ్ఛిత్తి చేయవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1992లోనే చెప్పింది. ఆ తీర్పును అమలు చేసే చట్టం 2013 దాకా రాలేదు. అంటే ఇరవై ఒక్క ఏళ్లపాటు 'ప్రాణానికి ముప్పు' ఎక్కడ మొదలవుతుందో, 'ఆరోగ్యానికి ముప్పు' ఎక్కడ ముగుస్తుందో రోగి మంచం పక్కన నిలబడిన వైద్యుడే ఊహించుకోవలసి వచ్చింది. సవితా హలప్పనవర్ ఆ ఊహలకు బలైపోయారు. బెళగావి నుంచి వెళ్లి గాల్వేలో స్థిరపడిన ఆ దంత వైద్యురాలు పదిహేడు వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరారు. గర్భస్రావం అనివార్యమని తేలినా, శిశువు గుండె కొట్టుకుంటున్నదన్న కారణంతో ఆమె కోరిన గర్భవిచ్ఛిత్తి చేయలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలో పాకి 2012 అక్టోబర్ 28న ఆమె మరణించారు. ఆచార్య అరుళ్‌కుమరన్ అధ్యక్షతన జరిగిన విచారణ రెండు సంగతులూ చెప్పింది. ఇన్ఫెక్షన్ లక్షణాలను తగినట్టు గమనించలేదు. చట్టాన్ని వైద్యులు అర్థం చేసుకున్న తీరు వారి చేతులు కట్టేసింది.

2018 చట్టం కూడా ఈ భయాన్ని పూర్తిగా తీసేయలేదు. స్త్రీకి శిక్ష లేదు గాని, చట్టం గీసిన గీత దాటిన వైద్యుడికి పద్నాలుగేళ్ల జైలు శిక్ష పడవచ్చు. పన్నెండు వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ గడువు దాటలేదని వైద్యుడు ధ్రువపత్రం ఇచ్చాక మూడు రోజులు ఆగాలి. పదకొండో వారం చివరిలో వచ్చిన స్త్రీకి ఈ మూడు రోజులే గోడలా అడ్డు నిలుస్తాయి. వైద్యుడు ఆ తేదీలను చూసేది క్యాలెండర్‌లో కాదు, శిక్షాస్మృతిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు ఇటువంటి తప్పనిసరి నిరీక్షణ వద్దంటున్నాయి. ఐర్లాండ్ చట్టాన్ని సమీక్షించిన న్యాయవాది మారీ ఓషే 2023లో ఇచ్చిన నివేదిక కూడా నిరీక్షణను స్త్రీ ఇష్టానికి వదలాలని సూచించింది.

కరుణ సిస్టర్ (స్టాఫ్ నర్సు, నల్గొండ జిల్లా):

అందరూ వైద్యుడి గురించే మాట్లాడుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన ఆడమనిషి వైద్యుడి దాకా చేరేలోపు ఎన్ని చోట్ల ఆగాలో చెప్పనివ్వండి. ఓపీ చీటీ రాసే చోట ఎందుకొచ్చారని గట్టిగా అడుగుతారు, వెనక వరుసలో ఆమె ఊరివాళ్లే ఉంటారు. మూత్ర పరీక్షకు వెళ్తే అక్కడా అదే ప్రశ్న. లోపలికి వచ్చాక భర్త సంతకం కావాలంటారు. మేజరైన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలని చట్టంలో ఉన్నా, నేను చూసిన చోట్ల కేస్ షీట్‌లో భర్త సంతకం లేకపోతే ఎవరూ ముందుకు కదిలేవారు కారు. ఇద్దరు పిల్లలున్న ఆమె అయితే ట్యూబెక్టమీకి (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు) ఒప్పుకుంటేనే చేస్తామనే వారూ ఉన్నారు. వీటిలో ఏ ఒక్కటీ శిక్షణ పొందిన వైద్యుడు వచ్చినంత మాత్రాన మారదు.

నేపాల్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ 2002లో చట్టం మారింది. సేవలు 2004లో కాఠ్మాండూ ప్రసూతి ఆసుపత్రిలో మొదలయ్యాయి. కొండ జిల్లాలలో వైద్యులు దొరకరని తెలుసు కనుక తరువాతి సంవత్సరాలలో నర్సులకు, మాత్రల పద్ధతి కోసం ఏఎన్‌ఎంలకు కూడా శిక్షణ ఇచ్చారు. సేవ దొరికే చోట గుర్తుపట్టడానికి ఒక చిహ్నం పెట్టారు. 2016 నుంచి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం చేశారు. మన దేశంలో నర్సులను, ఆయుష్ వైద్యులను చేర్చుదామని 2014లో ఒక ముసాయిదా వచ్చింది గాని 2021లో చట్టానికి చేసిన సవరణలో అది లేదు. నైపుణ్యం లేదన్న కారణం చెబితే నేను ఒప్పుకోను. అర్ధరాత్రి కాన్పులు చేసేది ఎవరో ఈ చర్చలో ఉన్న వైద్యులందరికీ తెలుసు.

ప్రసూతి నిపుణురాలు (విజయవాడ):

ఇక్కడ నా గొంతు కాస్త వేరుగా వినిపించవచ్చు. తల్లి ప్రాణం కాపాడే సందర్భంలో తప్ప నేను గర్భవిచ్ఛిత్తి చేయను. అది నా విశ్వాసానికి సంబంధించిన విషయం, దానిపై వాదించడానికి రాలేదు. ఇటువంటి సేవ తెచ్చేటప్పుడు నా వంటి వారిని ఏం చేయాలన్నది కూడా సన్నాహంలో భాగమేనని చెప్పడానికి వచ్చాను. ఐర్లాండ్ చట్టం 22వ సెక్షన్ వైద్యుడికి, నర్సుకు, మంత్రసానికి తిరస్కరించే హక్కు ఇచ్చింది. కానీ ప్రాణాపాయం ఉన్నప్పుడు ఆ హక్కు చెల్లదు. మిగతా సందర్భాలలో తిరస్కరించిన వ్యక్తే ఆ స్త్రీని వేరే వైద్యుడి దగ్గరకు చేర్చే ఏర్పాటు వీలైనంత త్వరగా చేయాలి. ఇది నాకు నిజాయితీగల ఒప్పందంలా కనిపిస్తుంది.

మన చట్టంలో ఇటువంటి సెక్షన్ లేదు. అందుచేత మన దగ్గర తిరస్కరణ ముసుగు వేసుకుని వస్తుంది. మత్తు డాక్టర్ లేడంటారు, స్కానింగ్ రిపోర్టు సరిగా లేదంటారు, వచ్చే వారం రమ్మంటారు. ఆ వచ్చే వారానికి ఆమె మాత్రలు వాడగలిగే తొమ్మిది వారాలు దాటిపోతుంది. 'నేను చేయను, పక్క గదిలో ఆవిడ చేస్తారు' అని నేరుగా చెప్పగలిగే వీలుంటే ఆ స్త్రీకీ మేలు, నాకూ మేలు.

షానన్ తీరం:

మేడమ్, మీ మాట నిజం. అయితే పక్క గదిలో ఎవరైనా ఉండాలన్నదే ఇక్కడి చిక్కు. ఐర్లాండ్‌లో 19 ప్రసూతి ఆసుపత్రులు ఉంటే మొదటి ఏడాది పూర్తి సేవ ఇచ్చినవి పదే. పెద్ద నగరంలోని ఆసుపత్రిలో ఒకరిద్దరు తిరస్కరించినా పని ఆగదు. ముగ్గురు నలుగురే నిపుణులున్న చిన్న జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు కాదంటే ఆ ఆసుపత్రి మొత్తం కాదన్నట్టే అవుతుంది. వ్యక్తికి ఇచ్చిన హక్కు ఆచరణలో సంస్థ హక్కుగా మారిపోతుంది. దానికి విరుగుడు కొత్త నియామకాలే, అవి ఏడు నెలలలో అయ్యేవి కావు, ఏళ్లు పట్టాయి.

మీరు నేరుగా మాట్లాడటం గురించి అన్నారు కనుక ఇంకొకటి చెబుతాను. శిక్షణలో మాత్రల వాడకం నేర్పడానికి పట్టే సమయం చాలా తక్కువ. గర్భస్రావమైన స్త్రీలకు మిసోప్రోస్టోల్ వాడటం ఇక్కడి ప్రసూతి వార్డులకు ఎప్పటినుంచో తెలిసిన పనే. ఎక్కువ సమయం తీసుకున్నది తమ విలువలను తామే పరిశీలించుకునే శిబిరాలు. సేవ ఇచ్చేవారు, ఇవ్వనివారు, రిసెప్షన్‌లో కూర్చునేవారు కలిసి కూర్చుని, ఏ పని తాము చేయగలరో, ఏది చేయలేరో, చేయలేకపోయినా ఎక్కడి వరకు సహకరిస్తారో బయటికి చెప్పుకోవడం. మా క్లినిక్‌లో ఫోన్ ఎత్తే ఆవిడకు ఈ విషయంలో వ్యతిరేకత ఉంది. కాల్ వస్తే ఏం అడగకుండా నర్సుకు కలుపుతానని ఆమే ముందుకొచ్చి చెప్పారు. మాకు అది చాలు.

ఔషధ భాండాగారం (ఫార్మసిస్ట్, వరంగల్):

మందుల సంగతి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఐర్లాండ్‌లో ఈ వాడకానికి మాత్రలకు లైసెన్స్ ఇచ్చింది 2018 చివరలోనే. అవి వైద్యుడి క్లినిక్‌కే చేరతాయి, స్త్రీ చీటీ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లనక్కరలేదు. ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గాని, దుకాణదారుడి ప్రశ్నలు, 'స్టాక్ లేదు' అన్న జవాబు, పరిచయస్తుల చూపులు అన్నీ ఒక్క దెబ్బతో తప్పిపోయాయి.

మన దగ్గర ఆ రెండు మందులూ కలిపిన కాంబి ప్యాక్‌కు 2008లోనే అనుమతి వచ్చింది. అయినా ఎన్నో దుకాణాలు దాన్ని పెట్టవు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద తనిఖీలు జరిగినప్పుడు ఈ ప్యాక్ అమ్మకాలను కూడా పట్టి చూస్తారని వారి భయం. తొమ్మిది వారాల లోపు వాడే ఈ మాత్రలకు లింగ నిర్ధారణతో సంబంధం ఉండే వీలే తక్కువ, ఎందుకంటే ఆ దశలో స్కానింగ్‌లో లింగం తెలియదు. రెండు చట్టాలను ఒకే సంచిలో వేసి కలిపేసిన ఫలితం ఇది. ఇంకోవైపు, ఏ చీటీ లేకుండా ఎక్కువ ధరకు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. 2015లో దేశంలో జరిగిన గర్భవిచ్ఛిత్తులు ఒక కోటి 56 లక్షలని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగినవేనని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే సేవ ఉంది, ఆరోగ్య వ్యవస్థ లోపల లేదు.

పీహెచ్‌సీ ఇండెంట్ (మందులు కావాలని కోరే పత్రం) రాసేవారికి ఒక సూచన. మిసోప్రోస్టోల్ తేమకు త్వరగా పాడవుతుంది. రెండు వైపులా అల్యూమినియం ఉన్న స్ట్రిప్‌లనే అడగండి, విడి మాత్రలుగా చింపి డబ్బాలో వేయకండి. కాన్పు తరువాత రక్తస్రావానికి ఇదే మాత్ర ఎలాగూ మీ దగ్గర ఉంటుంది. కొత్తగా తెప్పించవలసింది మైఫెప్రిస్టోన్ మాత్రమే.

వైద్యసుధ:

లెక్కలు కూడా చూద్దాం. 2019లో ఐర్లాండ్ ఆరోగ్య శాఖకు నమోదైన గర్భవిచ్ఛిత్తులు 6,666. అందులో 6,542 తొలి పన్నెండు వారాలలోవి. ఇంగ్లండ్, వేల్స్‌కు వెళ్లి చేయించుకున్న ఐర్లాండ్ స్త్రీలు 2018లో 2,879 మంది, 2019లో 375 మంది. మొదటి ఏడాదే ప్రయాణాలు ఇంతగా తగ్గడం మామూలు విషయం కాదు. అయితే ఆ 375 మంది ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్నది కూడా అడగాలి. పన్నెండు వారాలు దాటినవారు కొందరు. గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపం ఉన్నా, పుట్టిన 28 రోజులలోపు మరణిస్తుందని ఇద్దరు వైద్యులు ధ్రువీకరించలేకపోయిన వారు ఇంకొందరు. ప్రాథమిక స్థాయి ఏర్పాటు ఎంత బాగున్నా వీరిని చేరుకోలేదు.

సన్నాహంలో వదిలేసిన మరో విషయం సమాచార సేకరణ. వైద్యుడు 28 రోజులలోపు మంత్రికి పంపే పత్రంలో స్త్రీ నివసించే కౌంటీ (జిల్లా వంటిది) ఉంటుంది గాని, ఆమె వయసు, అది ఎన్నో వారం అన్నవి ఉండవు. గోప్యత కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మూడు రోజుల నిరీక్షణ వల్ల ఎందరు గడువు దాటిపోయారో ఆ పత్రాలతో ఎవరూ చెప్పలేరు. మనకు ఇబ్బంది వేరు, రిజిస్టర్‌లో అన్నీ ఉంటాయి, దానిని ఎవరు తెరిచి చూస్తారో తెలియదు.

న్యాయబోధి:

దానికి చిన్న చేర్పు. 2021 సవరణ స్త్రీ వివరాలు బయటపెట్టడాన్ని శిక్షార్హం చేసింది. 2022 సెప్టెంబర్ 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య అవివాహితలకూ ఈ సేవ వర్తిస్తుందని చెప్పింది. మైనర్ విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు సమాచారం ఇచ్చేటప్పుడు, ఆమె గాని సంరక్షకులు గాని కోరితే పేరు వెల్లడించనక్కరలేదని కూడా స్పష్టం చేసింది. ఈ తీర్పు సారాంశాన్ని తెలుగులో ఒక పేజీగా రాసి ప్రతి పీహెచ్‌సీకి పంపినా సగం భయాలు పోతాయి.

మన్యం వైద్యుడు:

ఆ ఒక పేజీని మీరే రాసి ఇక్కడ పెట్టండి గురువు గారూ, మా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) కార్యాలయానికి నేను తీసుకువెళ్తాను. షానన్ తీరం గారికి ఒక ప్రశ్న. మాత్రల పద్ధతిలో మా నియమావళి ప్రకారం స్త్రీ పదిహేనవ రోజున మూడవసారి రావాలి. కొండ మీది గూడెం నుంచి మొదటిసారి రావడమే ఆమెకు ఒక రోజు కూలి నష్టం. మూడవసారి రాదు. గర్భం పూర్తిగా పోయిందో లేదో మీరు ఎలా తెలుసుకుంటారు?

షానన్ తీరం:

ఇంటికి వెళ్లేటప్పుడే మాత్రలతో పాటు ఒక మూత్ర పరీక్ష కిట్ ఇస్తాము. అది మామూలు ప్రెగ్నెన్సీ కిట్ కాదు, హార్మోన్ ఎక్కువ స్థాయిలో ఉంటేనే పాజిటివ్ చూపే రకం. రెండు వారాల తరువాత ఆమే ఇంట్లో చూసుకుని, నెగటివ్ అయితే ఊరుకుంటుంది, పాజిటివ్ అయితే ఫోన్ చేస్తుంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల సంప్రదింపులు ఫోన్‌లోకి మారినప్పుడు ఈ కిట్ మమ్మల్ని ఆదుకుంది.

ఔషధ భాండాగారం:

డాక్టరు గారూ, ఆశా కార్యకర్తల దగ్గర ఉండే కిట్‌తో ఈ పని చేయించకండి. అది అతి తక్కువ హార్మోన్‌ను కూడా పట్టేస్తుంది కనుక, గర్భం పూర్తిగా పోయినా కొన్ని వారాలపాటు రెండు గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ఆమె అనవసరంగా భయపడి నర్సింగ్ హోముకు పరిగెత్తుతుంది, అక్కడ అవసరం లేని క్యూరెటేజ్ (గర్భసంచి గీకి శుభ్రం చేయడం) చేస్తారు. వేరే రకం కిట్ మన జిల్లా గోదాములలో నేను చూడలేదు. ఇండెంట్ రాసేటప్పుడు దాని వివరణను విడిగా జతచేసి అడగండి. ఆ నమూనా పాఠం ఆదివారం లోపు తయారు చేసి ఇక్కడ పెడతాను.

కరుణ సిస్టర్:

అప్పటి వరకు పదిహేనవ రోజు పనిని ఏఎన్‌ఎంకు అప్పగించవచ్చు. గూడేనికి టీకాల రోజున ఎలాగూ వెళ్తుంది. రక్తస్రావం ఎలా ఉంది, జ్వరం వచ్చిందా, గర్భ లక్షణాలు పోయాయా అన్న మూడు ప్రశ్నలు అడిగితే ఎవరిని కిందికి పంపాలో తెలిసిపోతుంది. అయితే నలుగురి ముందు అడగకూడదు, బిడ్డ బరువు తూచే నెపంతో పక్కకు పిలవాలి.